అక్క సంతకం

ఆ వేసవికి నేను మా అక్క కన్నా రెండేళ్లు పెద్దదాన్నయ్యాను. అక్క పద్నాలుగేళ్లకు నాలుగు రోజుల జ్వరంతో పోయింది. అప్పుడు నాకు పన్నెండు. ఆ వేసవి నాటికి పదహారు. అక్క ఉండి ఉంటే సరిగ్గా ఆ సెలవుల్లోనే పద్దెనిమిది నిండేవి. ఇద్దరు టీచర్లున్న ఇల్లు మాది, లెక్కల్లో ఎవరమూ తక్కువ తినలేదు. అయినా ఈ ఒక్క లెక్కా ఎవరమూ పైకి వేయలేదు.

నాన్న పెద్ద తరగతులకు కామర్స్ చెప్పేవాడు. అమ్మ అదే స్కూల్లో ఒకటో తరగతి టీచరు. ఆ ఏడాది చివరి రోజున స్టాఫ్ గ్రూపులో యాజమాన్యం వాళ్ల మెసేజ్ ఒకటి వచ్చింది. సెలవుల రెండు నెలల జీతం స్కూలు తెరిచాక చూస్తాం, సహకరించగలరు, అని కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. ఆ బొమ్మ చూసి అమ్మ, "దండం పెట్టి మరీ కొట్టారు" అంది. నాన్న నవ్వలేదు. ఫోను తీసి ఏవో అంకెలు చూసుకుని, ఫరవాలేదు, గడుస్తుంది అన్నాడు.

నాన్న అన్నాడంటే గడుస్తుందనే అర్థం. స్కూల్లో ఆయన్ని అందరూ పొదుపు మాస్టారు అనేవారు. పిల్లలు వెటకారంగానూ, టీచర్లు నిజంగానూ. జీతం పడగానే స్టాఫ్ రూములో ఆయన కుర్చీ చుట్టూ ఫోన్లు పట్టుకుని నలుగురు నిలబడి ఉండేవారట. ఆ వేసవిలో ఉపాధ్యాయుల సంఘం వాళ్లు ఆయన చేత ఎనిమిది ఆదివారాలు ఆన్‌లైన్ క్లాసు పెట్టించారు. 'జీతం పడిన రోజు ఏం చేయాలి' అన్నది దాని పేరు. పొద్దున పదింటికి మా ముందు గదిలో బల్ల మీద కంప్యూటరు, కుర్చీ వెనక గోడకు ఉతికిన దుప్పటి. స్లైడ్లు మార్చే ఉద్యోగం నాది.

ముప్పై, నలభై మంది టీచర్లు చిన్న చిన్న గళ్లలో కనిపించేవారు. పాఠం చెప్పే వాళ్లకు పాఠం చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది నాకు. అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరూ చెయ్యెత్తరు. డ్రాయింగ్ మేడమొకావిడ డిస్కౌంటు కూపన్ల కోసం ఏడు పేమెంట్ యాపులు పెట్టుకుంది, ఏడింటిలోనూ కాస్త కాస్త డబ్బుంది, నాలుగింటి పాస్‌వర్డులు గుర్తులేవు. సైన్సు మాస్టారొకాయన తొమ్మిదో తరగతి కుర్రాడు చెప్పాడని డిజిటల్ నాణేలు కొన్నాడు, స్కూల్లో పాఠం మధ్యలో ఆ కుర్రాడినే "ఏరా, ఇవాళ ఎంతుంది?" అని అడిగేవాడట. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ భాషా మాస్టారు మాత్రం జీతం పడిన రోజే ఏటీఎం మిషను దగ్గరికి వెళ్లి మొత్తం తీసుకొచ్చి డబ్బాల్లో పెట్టుకుంటాడు. ఫోనులో ఉన్నంతసేపు అది నాదనిపించదు బాబూ, అన్నాడు.

నాన్న ఎవరినీ చులకన చేసేవాడు కాదు. ఓపికగా వినేవాడు. తరవాత ఒకటే మాట చెప్పేవాడు. జీతం పడీ పడగానే ఫోను చేతే భాగాలు చేయించండి, ఒక్కో భాగానికి ఒక్కో పేరు పెట్టండి. "పేరు లేని డబ్బు నీళ్లలా పోతుందండీ. పేరున్నదాన్ని ముట్టుకోవాలంటే చెయ్యి వెనకాడుతుంది."

నాకు ఆ నెలలోనే పై ఊరి కాలేజీలో సీటు వచ్చింది. భవనాల డిజైను కోర్సు. ఊహ తెలిసినప్పటి నుంచీ నోటు పుస్తకాల వెనక ఇళ్ల బొమ్మలు గీసుకునేదాన్ని నేను. హాస్టలుతో కలిపి మొదటి విడత ఫీజు నెలాఖరులోగా కట్టాలి. నాన్న కాగితం రెండుసార్లు చదివాడు. తరవాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఫోను తెరిచి చూపించాడు. 'ఇల్లు' అన్న భాగంలో రెండు నెలల అద్దె. 'మందులు'లో కొంచెం. 'చిన్ని చదువు' అన్నది నాది. దానిలో ఉన్నది ఫీజులో పావు వంతుకు కూడా రాదు. రెండేళ్ల కిందట అమ్మ ఆపరేషనుకు దాన్ని తీయాల్సొచ్చిందన్నాడు. ఒక్క ఏడాది ఇక్కడి కాలేజీలోనే ఏదో ఒకటి చేరమన్నాడు, వచ్చే ఏడు ఎలాగైనా పంపిస్తానన్నాడు. ఏడ్చాను కానీ నమ్మాను. అంకెలు చూపించి మరీ చెప్పాక నమ్మక ఏం చేస్తాను?

అమ్మ మర్నాటి నుంచి సాయంత్రాలు వెనక గదిలో ఐదుగురు పిల్లలకు ట్యూషను మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే నాన్నకు ఫోన్లు రావడం గమనించాను. మామూలుగా ఎవరు చేసినా కుర్చీలోంచి లేవకుండా మాట్లాడే మనిషి. ఈ ఫోను వస్తే మాత్రం చెప్పులైనా వేసుకోకుండా తలుపు దగ్గరికి లాగి మెట్ల మీదికి వెళ్లిపోయేవాడు. అప్పుల వాళ్లేమో అనుకున్నాను. ఊరందరికీ అప్పు చేయొద్దని చెప్పే మా నాన్న ఏ అప్పుల యాపులోనో ఇరుక్కున్నాడేమో. ఒక రోజు తలుపు వెనక నిలబడ్డాను.

నాన్న గొంతు మెత్తగా ఉంది. అంత మెత్తగా ఆయన మాట్లాడి చాలాకాలమైంది.

"ఇంట్లో లేదమ్మా. సెలవులు కదా, వాళ్ల అమ్మమ్మ దగ్గరికి వెళ్లింది. వచ్చే వారం వచ్చేస్తుంది." కాసేపు అటువైపు మాట విన్నాడు. "కామర్సే. ఆఁ, నాలాగే. నేనేం బలవంతపెట్టలేదు, తనే తీసుకుంది." మళ్లీ విన్నాడు. నవ్వాడు కూడా. "లేదు లేదు, వంటా గింటా ఏం రాదు. పుస్తకం పట్టుకుంటే లోకం తెలియదు దానికి."

నేను ఎక్కడికీ వెళ్లలేదు. కామర్స్ తీసుకోలేదు. పుస్తకం పట్టుకుంటే నాకు ఆవలింతలు వస్తాయి. అమ్మమ్మ పోయి పదేళ్లయింది. పదహారేళ్ల బుర్ర ఎక్కడికి పరిగెత్తుతుంది? నాన్నకు ఇంకెక్కడో ఇంకో కూతురుందనుకున్నాను. రెండు రోజులు ఆయన మొహం చూడలేకపోయాను.

ఆ ఆదివారం క్లాసు మధ్యలో కంప్యూటరులో స్లైడ్లు మొరాయించాయి. నాన్న మాట ఆపకుండానే తన ఫోను నా చేతిలో పెట్టి, స్లైడ్లు ఇందులోంచి పంపమని సైగ చేశాడు. పంపబోతుంటే పైనుంచి ఒక మెసేజ్ జారింది. మొదటి మాటే అక్క పేరు. పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా, చివర 'గారూ' అని.

మీకు పద్దెనిమిదేళ్లు నిండుతున్న సందర్భంగా మా శుభాకాంక్షలు, అని ఉంది. మీ పొదుపు ఖాతా ఇకపై మీ చేతుల్లో, మీ సంతకం, మీ ముఖం ధ్రువీకరించండి, అని ఉంది.

వేలు దానంతటదే నొక్కింది. ఖాతా తెరుచుకుంది. పైన గుండ్రటి గడిలో అక్క ఫోటో, యూనిఫాంలో, ఒక జడ ఊడిపోయి. కింద నాన్న పెట్టిన పేరు, 'పెద్దదాని చదువు'. దాని కింద ఒక మొత్తం. నా ఫీజుకు మూడింతలు.

ఇంకా కిందికి జరిపాను. ప్రతి నెలా ఐదో తేదీ. ఒక్క నెలా తప్పలేదు. అక్క పోయిన నెల కూడా ఉంది. అక్క పోయింది మూడో తేదీన. ఐదో తేదీన మా ఇంటి నిండా జనం, నాన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ఫోను ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియదు. ఆ నెల ఫోను తనంతట తానే కట్టేసిందని నాకు అర్థమైంది. తరవాతి నెల కూడా అలాగే పోయి ఉంటుంది. కానీ ఏడాది తిరిగేసరికి కట్టే మొత్తం కాస్త పెరిగింది. మరుసటి ఏడు మళ్లీ పెరిగింది. జీతం పెరిగినప్పుడల్లా పిల్లల పొదుపు కూడా పెంచాలని ఆయన టీచర్లందరికీ చెప్పే మాటే. అది ఫోను చేసే పని కాదు. కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక మనిషి చేయాలి.

"చిన్నీ, స్లైడు" అన్నాడు నాన్న. పంపాను.

అక్క మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. బతికున్న రోజుల్లో నా పెన్సిళ్లన్నీ విరగ్గొట్టినా రాలేదు. నాకు లేని డబ్బు దానికుంది. నేను పోలేని కాలేజీకి అది నాలుగేళ్లుగా ఫీజు కట్టించుకుంటోంది. మెట్ల మీద నాన్న ఆ గొంతుతో మాట్లాడింది దాని గురించి. నా గురించి ఎవరైనా అడిగితే ఆయన అలా నవ్వుతూ చెప్తాడా అనుకున్నాను. ఆ ఆలోచనకు నాకే సిగ్గేసింది. కోపం మాత్రం పోలేదు.

మంగళవారం పొద్దున నాన్న కూరగాయలకు వెళ్లాడు. ఫోను చార్జింగులో మోగింది. ఎత్తాను.

ఆడపిల్ల గొంతు. జలుబు చేసినట్టుంది. వెనకాల చాలామంది ఒకేసారి మాట్లాడుతున్న చప్పుడు. నమస్కారం చెప్పి, అక్క పేరు పూర్తిగా పలికి, ఆవిడతో మాట్లాడవచ్చా అని అడిగింది. నాలుగేళ్లలో ఆ పేరు నా చెవిన పడడం అదే మొదటిసారి. మా ఇంట్లో అక్క అంటే 'అప్పుడు', 'ఆ ఏడాది', 'జ్వరం వచ్చినప్పుడు'. పేరు లేదు.

"నేనే" అన్నాను.

ఎందుకన్నానో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. కోపంతోనే అన్నానేమో. లేదంటే ఆ పేరుతో పిలిస్తే పలకడానికి ఎవరో ఒకరు ఉండాలనిపించిందేమో.

ఫోను అమ్మాయి సంతోషపడింది. అమ్మయ్య, దొరికారు మేడం, అంది. మీ నాన్నగారు మీ గురించి ఎంత చెప్పారో, కంపెనీలో నేను రోజుకు వంద మంది తండ్రులతో మాట్లాడతాను, పిల్ల గురించి ఇంత మురిసిపోయే వాళ్లని చూడలేదు, అంది. గురువారం పదకొండింటికి వీడియో పెట్టుకుందామంది. ఖాతాలో ఉన్నది చిన్నప్పటి ఫోటో కాబట్టి ఒకసారి ముఖం చూపించి, పేరు చెప్పి, తెల్ల కాగితం మీద సంతకం చేసి చూపిస్తే చాలట. ఐదు నిమిషాల పని.

నాన్న వచ్చి సంచి దింపాడు. టమాటాలు బుట్టలో వేస్తుంటే చెప్పాను. "ఫోను వచ్చింది. నేనే అని చెప్పాను."

తిడతాడనుకున్నాను. కొడతాడేమో అనుకున్నాను, ఎప్పుడూ కొట్టని మనిషి. ఆయన చేతిలో టమాటా అలాగే ఉంది. మొహంలో భారం దిగిన మనిషి తేట కనిపించింది. నాకు భయమేసింది అప్పుడే.

"ఎప్పుడన్నారు?" అన్నాడు.

"గురువారం."

"అమ్మకు గురువారం స్కూల్లో అడ్మిషన్ల డ్యూటీ ఉంది. మధ్యాహ్నానికి గానీ రాదు" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

అడిగేశాను. అక్క లేదని వాళ్లకు చెప్తే ఏమవుతుంది? డబ్బు పోతుందా?

పోదన్నాడు. ఒక్క కాగితం పంపితే మొత్తం వెనక్కి వచ్చేస్తుందట. ఆ కాగితం ఇంట్లోనే ఉందట.

"మరి పంపొచ్చు కదా నాన్నా."

"పంపితే ఖాతా ఆపేస్తారు చిన్నీ." ఆయన టమాటాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. "నెలకోసారి దానికేదో చేస్తున్నట్టుంటుంది. అదొక్కటే ఉంది నాకు చెయ్యడానికి."

ఆ మాట తరవాత నా కోపం ఎటు పోయిందో తెలియదు. మిగిలిన సంగతి, అంటే అది దొంగతనంలాంటిదనీ, బయటపడితే ఆయన ఉద్యోగానికీ పరువుకూ ఎసరనీ, నాకు తట్టలేదు. ఆయనకు తట్టి ఉండాలి. ఇంకొకరి పేరుతో సంతకం పెట్టకూడదని పిల్లలకు పాఠం చెప్పే మనిషి.

బుధవారం మధ్యాహ్నం అమ్మ ఆ అడ్మిషన్ల పని మీదే స్కూలుకు వెళ్లాక ఇద్దరం సంతకం కోసం కూర్చున్నాం. నాన్న బీరువా పైనుంచి అట్టపెట్టె దింపాడు. దాని నిండా అక్క నోటు పుస్తకాలు. ఒక్కో అట్ట మీదా గుండ్రటి అక్షరాలతో పేరు, తరగతి, సెక్షను. సంతకం ఎక్కడా లేదు. పద్నాలుగేళ్ల పిల్లకు సంతకమెందుకుంటుంది? ప్రోగ్రెస్ కార్డుల మీద ఉన్నవన్నీ నాన్నవే.

అందుకని తయారుచేశాం. అక్క 'క' ఎలా రాస్తుందో, తలకట్టు ఎంత పెద్దగా తిప్పుతుందో చూసి, పద్దెనిమిదేళ్లకు చెయ్యి ఎంత వేగం పుంజుకుని ఉంటుందో ఊహించి నాన్న ఒకటి గీశాడు. కాదన్నాను. అక్కకు ఓపిక తక్కువ, అన్ని అక్షరాలూ రాయదన్నాను. నిజమే అన్నాడు. సగం పేరు రాసి మిగతాది ఒక గీతగా లాగాను. గీత చివర పైకి లేవాలన్నాడు నాన్న, దానికి ఏదైనా అయిపోవస్తుంటే చెయ్యి పైకి లేచేదన్నాడు. నేను గమనించనే లేదు ఆ సంగతి. అలా ఇద్దరం మాట్లాడుకుంటూ కాగితాల మీద కాగితాలు నింపాం. నాలుగేళ్లలో నాన్నా నేనూ అక్క గురించి మాట్లాడుకున్నది ఆ ఒక్క మధ్యాహ్నమే. నవ్వుకున్నాం కూడా. నలభయ్యోసారో యాభయ్యోసారో నా చెయ్యి ఆగకుండా ఆ సంతకం పెట్టేసింది. కాగితం మీద అది అచ్చం ఎవరిదో ఒకరిదిలా ఉంది. నాది కాదు. నాన్న దాన్ని చాలాసేపు చూసి, "ఇదే" అన్నాడు.

గురువారం అమ్మ వెళ్లిన గంటకు నాకు జడ వేసుకోమని చెప్పాడు. రెండు జడలా ఒకటా అని అడిగాను. ఆలోచించి, పద్దెనిమిది కదా, ఒకటే అన్నాడు. నేను బల్ల ముందు కూర్చున్నాను. నాన్న కెమెరాకు కనపడకుండా పక్క గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పదకొండింటికి ఫోను అమ్మాయి తెర మీదికి వచ్చింది. నా కన్నా మహా అయితే మూడు నాలుగేళ్లు పెద్దది. చెవులకు హెడ్‌ఫోను, ముక్కు ఎర్రగా.

నేరుగా చూడమంది. చూశాను. తల కుడివైపు తిప్పమంది, ఎడమవైపు తిప్పమంది, కళ్లార్పమంది. సంతకం పెట్టి కాగితం ఎత్తి చూపించమంది. చాలా బాగుంది మేడం, అంది.

"మీ పేరు చెప్పండి."

చెప్పాను.

"కొంచెం గట్టిగా. రికార్డవ్వాలి."

మళ్లీ చెప్పాను, గట్టిగా, ఇల్లంతా వినపడేలా. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అక్క గొంతూ నా గొంతూ ఒకేలా ఉంటాయని ఒకప్పుడు చుట్టాలు అనేవారు. ఆ సంగతి నాకు గుర్తులేదు. అప్పుడు గుర్తొచ్చింది.

తెర మీద నా మొహం వెనక దుప్పటి అంచు కదిలింది. ఫోను అమ్మాయి చూపు నా భుజం మీదుగా పోయింది. "మేడం, మీ వెనకాల ఎవరో ఉన్నట్టున్నారు. వెరిఫికేషన్ టైములో ఇంకెవరూ కనిపించకూడదు."

తిరిగి చూశాను. గుమ్మంలో అమ్మ. స్కూల్లో కరెంటు పోయిందని తొందరగా పంపించేశారని తరవాత తెలిసింది. ఒక చెప్పు విడిచింది, రెండోది కాలికే ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో. ఆవిడ నన్ను చూడడం లేదు. నా గొంతు వచ్చిన చోటు వైపు చూస్తోంది. రెండు క్షణాలు, అంతే, ఆ కళ్లలో కనిపించినదాన్ని నేను మాటల్లో పెట్టలేను. ఆశ లాంటిది. తరవాత అది ఆరిపోయింది.

రెండో చెప్పు విడిచింది. బ్యాగు కింద పెట్టింది. పక్క కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది, తెర మీద ఇద్దరం కనపడేలా. ఒకటో తరగతి పిల్లలకు తప్పొప్పులు చెప్పే గొంతుతో, హెచ్చుతగ్గులు లేకుండా చెప్పింది.

"నేను వాళ్లమ్మనమ్మా. మీరు అడుగుతున్న అమ్మాయి పోయి నాలుగేళ్లయింది. ఇది మా చిన్నమ్మాయి. దీని పేరు అది కాదు."

అటువైపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఫోను అమ్మాయి పక్కకు చూసింది. బల్ల మీద ఏదో కాగితం వెతికింది. ఇలాంటప్పుడు ఏం చెప్పాలో రాసిన కాగితం అయి ఉంటుంది.

"మేడం, దానికి వేరే ఫారం ఉంటుందండీ. లింకు పంపిస్తాను" అంది. తరవాత మైకు దగ్గరకు జరిగి, గొంతు తగ్గించి, "నెట్ పోయి వీడియో మధ్యలోనే ఆగిపోయిందని రాసుకుంటాను. ఇంట్లో సార్‌కి చెప్పండి" అంది. తెర నల్లబడింది.

అమ్మ లేచి వంటగదిలోకి వెళ్లి ఒక గ్లాసు నీళ్లు తాగింది. మళ్లీ వచ్చింది. నాన్న గోడ దగ్గరే ఉన్నాడు, క్లాసు బయట నిలబెట్టిన పిల్లాడిలా.

"నీకు చెప్దామనే అనుకున్నాను" అన్నాడు.

"ఏం చెప్తారు? ఖాతా తెరిచిన రోజు నా నంబరు కూడా ఇచ్చారు. ప్రతి ఐదో తేదీన నాకూ మెసేజ్ వస్తుంది."

నాన్న తలెత్తాడు.

"పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తుంటే వస్తుంది. చూసి తుడిచేస్తాను" అంది అమ్మ. "ఒక నెల మెసేజ్ రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ రెండు రోజులూ నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు."

నాన్న గోడకు ఆనుకునే కిందికి జారి కూర్చున్నాడు. మరి ఎప్పుడూ అడగలేదేం అన్నాడు. అడిగితే మీరు ఆపేస్తారేమోనని, అంది అమ్మ.

ఆ తరవాత బల్ల మీది కాగితం చేతిలోకి తీసుకుంది. సంతకం వైపు చూసింది. నన్ను చూసింది. నా జడ విప్పి, మళ్లీ నేను రోజూ వేసుకునేలా క్లిప్పు పెట్టింది. పెడుతూనే నాన్నతో అంది, "డబ్బు సంగతి మీ ఇష్టం. దీని చేత మాత్రం దాని పేరు చెప్పించొద్దు. ఇది ఇదిలాగే ఉండాలి."

లింకు మర్నాడు వచ్చింది. నాన్న మూడు రోజులు తెరవలేదు. నాలుగో రోజు అమ్మ తనే ఫైలు తీసుకొచ్చి ఆయన పక్కన పెట్టింది. టీచర్లందరికీ పెట్టుకోమని ఆయన చెప్పే కాగితాల ఫైలే అది, ప్రతి కవరు మీదా పేరు రాసి ఉంటుంది. చివరి కవరు మీద ఏమీ రాసి లేదు. దాన్లోని కాగితం మడత విప్పి నేను ఫోటో తీశాను. ఖాతా ఎందుకు మూస్తున్నారో ఎంచుకోమని ఒక జాబితా వచ్చింది. చిరునామా మారింది. డబ్బు అవసరం. సేవ నచ్చలేదు. అన్నిటికన్నా కింద ఉంది మాది. నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. నేను నొక్కనా అని అడిగాను. వద్దన్నాడు. నొక్కింది ఆయనే.

చివరి ఆదివారం క్లాసులో డబ్బాల భాషా మాస్టారు అడిగాడు, బాబూ, మనం పోతే ఈ ఫోనులో డబ్బంతా ఏమవుతుంది అని. దానికి నాన్న దగ్గర తయారుగా స్లైడు ఉంది, వారసుల పేర్లూ, ఫారాలూ అని. పెట్టబోతే ఆపమన్నాడు. ఆయన కెమెరా వైపు కాకుండా కిందికి చూస్తూ గంటసేపు మాట్లాడాడు. మనం పోయినా ఫోనుకు తెలియదండీ, అన్నాడు. మనవాళ్లు పోయినా దానికి తెలియదు. కడుతూనే ఉంటుంది, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్తూనే ఉంటుంది. తెలిసిన మనిషి ఎవరో ఒకరు కూర్చుని దానికి చెప్పాలి. ఆ చెప్పడం ఎంత కష్టమో నేనెప్పుడూ మీకు చెప్పలేదు, అన్నాడు. డ్రాయింగ్ మేడం తన కెమెరా ఆపేసుకుంది.

డబ్బు తొమ్మిదో రోజు పడింది. అమ్మ ఫోను వంటింట్లో, నాన్న ఫోను ముందు గదిలో ఒకేసారి మోగాయి. ఎవరూ వెంటనే చూసుకోలేదు. ఆ సాయంత్రమే నాన్న నా ఫీజు కట్టేశాడు. రశీదు నాకు పంపి, చూసుకో అన్నాడు, అంతే. జీతం లేని ఆ రోజులు మిగిలిన దాంతోనే గడిచాయి. కరెంటు బిల్లు అందులోంచే, పాలూ సరుకులూ అందులోంచే. మేం తింటున్నది ఎవరి చదువో ముగ్గురికీ తెలుసు. కంచాల ముందు ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. నేను మాత్రం ఆ రోజుల్లో ఏదీ పారేయలేకపోయేదాన్ని. ఆకలి లేకపోయినా కంచం ఖాళీ చేసేదాన్ని.

నేను హాస్టలుకు బయలుదేరే ముందు రోజు ఐదో తేదీ అయింది. పొద్దున్నుంచీ నాన్న ఫోను ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. చదవడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. పదయింది. పదకొండయింది. ఏ చప్పుడూ లేదు. నేను ముందు గదిలో నేల మీద పెట్టె తెరుచుకుని బట్టలు సర్దుతున్నాను. అమ్మ వెనక గదిలో నా దుప్పట్లకు అంచులు కుడుతోంది. మిషను కాసేపు ఆడింది, ఆగింది.

వెనక నుంచి అమ్మ కేకేసింది, పని తొందరలో ఉన్న మనిషి మామూలుగా వేసే కేక. అక్క పేరు పెట్టి. "...కత్తెర ఎక్కడ పెట్టావే?"

పేరు గదిలోకి వచ్చింది. నాన్న తల తిప్పాడు. మిషను చప్పుడు మళ్లీ మొదలవలేదు. అమ్మకు కూడా తెలిసిపోయిందన్నమాట. దిద్దుకుంటుందేమోనని చూశాను. దిద్దుకోలేదు.

కత్తెర నా పెట్టెలోనే ఉంది, తువ్వాలు కింద.

"తెస్తున్నానమ్మా" అని లేచాను.